రంగెక్కని ముక్క

మా డాక్టరమ్మ పోయారు. ఆ కబురు తెలిసేసరికి నా చేతిలో ఎవరిదో సీసా ఉంది. కిటికీ అవతల ఒకావిడ నిలబడి, "రిపోర్టుకి ఎప్పుడు రమ్మంటారండీ?" అని అడుగుతోంది. లోపల్నుంచి మా టెక్నీషియను వచ్చి నా వెనక నిలబడ్డాడు. నేను తిరిగి చూశాను. తల అడ్డంగా ఊపాడు. అంతే.

ఆవిడని సోమవారం రమ్మన్నాను. సీసా మీద చీటీ అంటించాను. లోపలికి ఇచ్చాను. ఆ తరవాతే స్టూలు మీద కూలబడ్డాను. డాక్టరమ్మ ఉన్నా అదే చెయ్యమనేవారు. "మనం ఏడ్చేదాకా ముక్క ఆగదన్నా, పాడైపోతుంది" అనేవారు, ఇదివరకు ల్యాబులో ఎవరింట్లో చావు జరిగినా.

గుంటూరు కొత్తపేటలో ఒక సందులో ఆమె ల్యాబు. ఆపరేషనులో తీసిన ముక్కలు అక్కడికి వస్తాయి. వాటిని మైనంలో పెట్టి, పల్చగా కోసి, గాజు పలక మీద పరిచి, రంగు వేసి చూసి, ఇది ఫలానా జబ్బు అని ఆమె రాసేవారు. కిటికీ దగ్గర కూర్చుని సీసాలు తీసుకునే పని నాది. నాది ఊళ్ళో బడి చదువు. నలుగురిలో మాట్లాడటం నాకు చేతకాదు. ఆమె కోసం పెట్టిన సభలో మైకు నా చేతికిస్తే పక్కాయనకి ఇచ్చేశాను. ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు. అందుకని ఇలా రాస్తున్నాను.

ఆమెని మొదట చూసింది పెద్దాసుపత్రిలో, నా కాలు తీసేసే ముందు.

నేను అప్పుడు చీమకుర్తి క్వారీలో పనిచేసేవాణ్ణి. ఒకరోజు రాయి జారింది. నా ఎడమ పాదం కింద ఉండిపోయింది. నాలుగు రోజులు చూసి, విషం పైకెక్కుతోంది, మోకాలి పైనుంచి తియ్యాలి అన్నారు. మా వైపు కాలో చెయ్యో తీసేస్తే దాన్ని ఆసుపత్రిలో వదిలిపెట్టి రారు. గుడ్డలో చుట్టించుకుని వచ్చి సమాధుల తోటలో మన వాళ్ళ జాగాలో పూడ్చుతారు. మిగతా మనిషి తరవాత వెళ్ళి దాని పక్కన పడుకుంటాడు. మా బావమరిది అందుకోసం కొత్త తువ్వాల కూడా కొని తెచ్చాడు.

అప్పుడు తెల్లకోటు వేసుకున్న ఒకావిడ నా మంచం దగ్గరికి వచ్చారు. తీసేసిన కాల్లోంచి కొంచెం మంచి కండ తన పనికి కావాలని అడిగారు. మా ఆవిడ ఒంటికాలి మీద లేచింది.

"ఇదేం అన్యాయమమ్మా! కాలు ఎలాగూ పోతోంది. అందులో మళ్ళీ మీకు వాటానా?"

"వాటా కాదమ్మా. వేలెడంత ముక్క. మంచి కండ ఎలా ఉంటుందో పక్కన పెట్టుకుంటేనే చెడ్డది తెలుస్తుంది."

"బాగానే ఉంది. రేపు ప్రభువు లేపినప్పుడు ఈయన లేచి నా కాల్లో ముక్క ఏదని అడిగితే?"

"మీ ప్రభువుకి నా అడ్రసు తెలియదా అమ్మా? నా దగ్గరుందని ఆయనే చెబుతాడు. వచ్చి పట్టుకెళ్ళండి."

పక్క మంచం మీద రోగి నవ్వాడు. మా ఆవిడకి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. డాక్టరమ్మ నా వైపు తిరిగి, "మీరు చెప్పండన్నా, కాలు మీది" అన్నారు. ఆ ఆసుపత్రిలో అప్పటిదాకా నన్ను ఎవరూ ఏదీ అడగలేదు. సంతకం పెట్టమంటే పెట్టాను, పక్కకి తిరగమంటే తిరిగాను. నేను తల ఊపాను.

"తల ఊపితే కాదు. నోటితో చెప్పండి."

"తీసుకోండమ్మా" అన్నాను.

ఆమె ముస్లిములు. మాది చర్చి కుటుంబం. ఆ తరవాత ఇన్నేళ్ళలో మా ఆవిడా ఆమే కలిసినప్పుడల్లా ఆ అడ్రసు మాట చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. మా ఆవిడ పోయినప్పుడు డాక్టరమ్మ మా ఊరు వచ్చి, సమాధుల తోటలో చెప్పులు విడిచి, చివరిదాకా నిలబడ్డారు.

కాలు లేనివాడికి క్వారీలో పనేముంటుంది? ఇంట్లో కూర్చున్నాను. కొన్నాళ్ళకి ఆమె ఆసుపత్రి ఉద్యోగం మానేసి సొంతంగా ల్యాబు పెట్టుకుని, నాకు కబురు పంపారు. "మీ కండ నా దగ్గర పనిచేస్తోంది, మీరు ఇంట్లో కూర్చుంటే ఎలా?" అన్నారు. అలా వచ్చి ఆ కిటికీ దగ్గర కూర్చున్నాను.

నా కండ ఏం పని చేస్తోందో ఆమే ఒకరోజు మైక్రోస్కోపులో చూపించారు. కండలో కొన్ని రకాల ప్రోటీన్లు ఉంటాయట. అవి కండలో తప్ప ఇంకెక్కడా పెద్దగా ఉండవట. ఒకదాని పేరు డెస్మిన్. దానికి మాత్రమే అతుక్కునే మందు ఒకటుంది. ముక్క మీద ఆ మందు పోసి కడిగి రంగు వేస్తే, ప్రోటీన్ ఉన్నచోట గోధుమరంగు వస్తుంది, లేనిచోట నీలంగా ఉండిపోతుంది. అయితే మందే పాడైపోయి ఉంటే? అప్పుడు అన్నీ నీలంగానే ఉంటాయి, మనం మోసపోతాం. అందుకని ప్రతి రోగి ముక్క పక్కన, అదే గాజు పలక మీద, కండ అని ముందే తెలిసిన ముక్క ఒకటి పెడతారు. అది గోధుమరంగు ఎక్కితే మందు మంచిదే అని అర్థం.

ఆ పక్కన పెట్టే ముక్క నాది.

"ఇదిగో, మీరే" అన్నారు. నేను కన్ను పెట్టి చూశాను. గోధుమరంగులో పొడుగ్గా, తిన్నగా, అడ్డచారలతో ఉంది. రంపం దిగిన గ్రానైట్ పలక మీద గీతలు ఎలా ఉంటాయో అలా. కాసేపు చూసి, "బాగానే ఉన్నానమ్మా" అన్నాను. ఆమె చాలాసేపు నవ్వారు.

పక్కనే గుండె కండ కూడా చూపించారు. అదీ చారలదే, కానీ తిన్నగా పోదు. పత్తి చెట్టు కొమ్మల్లా చీలి ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటుంది. ఆ ముక్క పోస్టుమార్టంలో వచ్చిందట, ఎవరిదో ఆమెకీ తెలియదు. "ఇంటాయన లేనప్పుడు ఇంట్లోకి దూరినట్టుంటుందన్నా, దీన్ని కోసినప్పుడల్లా" అనేవారు. మనిషిని అడగకుండా ముక్క తీసుకోవడం ఆమెకి గిట్టేది కాదు.

ఆమె అలవాట్లు చెప్పాలంటే ఏం చెప్పను? టీ తెప్పించుకుని, చల్లారి మీద పొర కట్టాక తాగేవారు. కళ్ళజోడు తల మీద పెట్టుకుని ల్యాబంతా వెతికేవారు. ఎంత చిన్న సీసా అయినా రెండు చేతులతో అందుకునేవారు. టెక్నీషియను గడియారం చూసుకోకుండా మందు పోస్తే, "ఒరేయ్, నీ బుర్ర కోసి స్లైడు చేస్తా, అందులో ఏ ప్రోటీనుందో చూద్దాం" అని కేకలేసేవారు. వాడు "ఏమీ ఉండదు మేడం, నీలంగా వస్తుంది" అనేవాడు. చెడు కబురు మాత్రం నిలబడి చెప్పేవారు కాదు. బయటికొచ్చి, బెంచీ మీద వాళ్ళ పక్కన కూర్చుని, ఏ ఊరు, ఏం పంట వేశారు అని అడిగి, అప్పుడు చెప్పేవారు. ఆమె బెంచీ మీద కూర్చుంటే నాకు అర్థమైపోయేది. నేను రోడ్డు వైపు తిరిగిపోయేవాణ్ణి.

ఇప్పుడు ఒక తండ్రి సంగతి రాయాలి. ఆయన పేరు రాయను. సంగతి మాత్రం రాయమని ఆయనే అన్నాడు.

ఆయన మిర్చి కోల్డు స్టోరేజీలో ముఠా కూలీ. మిర్చి బస్తాలు, అవే టిక్కీలు, మోసే పని. ఆయన కూతురికి ఆరేడేళ్ళుంటాయి. మోచేతి కింద గడ్డ లేచింది. ముందు బెణుకు అనుకున్నారు. ఎవరిచేతో తోమించారు. గడ్డ పెరిగింది. నర్సింగుహోములో చిన్న ముక్క తీసి, సీసాలో మందు పోసి, మూత తియ్యొద్దని చెప్పి, మా ల్యాబుకి ఇమ్మన్నారు. శనివారం తీశారు. ఆదివారం మాకు సెలవు. సోమవారం పొద్దున్నే ఆయన కిటికీ దగ్గరికి వచ్చాడు. తువ్వాలలో చుట్టిన సీసా బయటికి తీసి ఇచ్చాడు. నా వేళ్ళు జిల్లుమన్నాయి.

"ఏంటండీ ఇంత చల్లగా ఉంది?"

"ఇంట్లో పెడితే పాడైపోద్దని కోల్డు స్టోరేజీలో పెట్టానండి. మా మేస్త్రీని బతిమాలుకున్నా. ఏడాది ఉంచినా మిర్చి రంగు పోదండి అక్కడ."

నేను మూత దగ్గర వాసన చూశాను. ఏ వాసనా లేదు.

"ఇందులో మందేదండీ?"

"ఆ కంపుదా? మూత తీస్తే కళ్ళు మండిపోయాయండి. పారబోశా. సీసా శుభ్రంగా కడిగి ఫిల్టరు నీళ్ళు పోశా. మా పాపదండీ అది. ఆ మంటలో ఎట్టా ఉంచమంటారు?"

ఆయన చాలా జాగ్రత్త చేశానన్న ముఖంతో నిలబడ్డాడు. లోపలికి పట్టుకెళ్ళి డాక్టరమ్మకి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆమె ముక్కని గబగబా మందులో వేయించారు. "ఏమో, కొన్నిసార్లు తట్టుకుంటుంది. చూద్దాం" అన్నారు.

పిల్లలకి వచ్చే ఆ గడ్డలు కొన్ని రకాలు మైక్రోస్కోపు కింద ఒకేలా కనిపిస్తాయట. గుండ్రంగా, నీలంగా, జొన్నగింజలు ఒలకబోసినట్టు. అది కండలో పుట్టిందా, ఎముకలోనా, రక్తంలోనా అన్నది రంగు వేస్తేనే తేలుతుంది. ఒకదాని వైద్యం ఇంకోదానికి పనికిరాదు. అంటే ఆ పాప బతుకు ఆ రంగు మీద ఉంది.

రంగు వేశాక నన్ను పిలిచి చూపించారు. ఒక చివర నా కాలు, ఎప్పటిలాగే గోధుమరంగు. ఇంకో చివర పాప ముక్క. అంతా నీలం.

"అయితే కండ గడ్డ కాదా అమ్మా?"

"తొందరపడితే అలాగే రాసేస్తాను. కానీ ఈ అంచు చూడండి. ఇది గడ్డ కాదు. పాప చేతి మంచి కండ. మీ కాల్లో ఉన్నదే. అదీ నీలంగానే ఉంది. మంచి కండే తాను కండనని చెప్పలేకపోతోంది. ఇంక గడ్డ చెప్పలేదని నేనెలా నమ్మను?"

ముక్క నీళ్ళలో చెడిపోయింది. మళ్ళీ ముక్క తియ్యాలి.

మర్నాడు ఆయన పాపని వెంటబెట్టుకుని రిపోర్టుకి వచ్చాడు. డాక్టరమ్మ బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నారు. మళ్ళీ చిన్న ముక్క కావాలని చెప్పారు. ఆయన లేచి నిలబడ్డాడు.

"మళ్ళీ కోస్తారా? ఎందుకూ? ముందిచ్చింది ఏం చేశారు?"

"మా దగ్గర పొరపాటు జరిగిందండి. మా మందు సరిగ్గా పనిచెయ్యలేదు."

నేను స్టూలు మీంచి లేవబోయాను. ఆమె నా వైపు ఒక చూపు చూశారు. కూర్చున్నాను.

"పొరపాటా? ఇదేమన్నా చికెన్ కొట్టా, ఈ ముక్క బాలేదు ఇంకోటి కొట్టమనడానికి? పసిపిల్ల చెయ్యమ్మా అది! రాత్రంతా అమ్మా అమ్మా అని ఏడ్చింది. మీ పిల్లయితే ఇట్టాగే అంటారా?"

సందులో వెళ్ళేవాళ్ళు ఆగి చూస్తున్నారు. ఆమె తల వంచుకుని అన్నీ విన్నారు. ఆయన అరిచి అరిచి ఆయాసంతో బెంచీ మీద కూలబడ్డాడు. పాప మాత్రం ఇదేమీ పట్టనట్టు నా దగ్గరికి వచ్చి నిలబడింది. కట్టు కట్టిన చెయ్యి పొట్టకి ఆనించుకుని ఉంది.

"తాతా, నీ కాలేది?"

"లోపలుంది."

"లోపలంటే?"

"డాక్టరమ్మ దగ్గర."

"ఎందుకిచ్చావ్?"

"అడిగారు. ఇచ్చాను."

పాప ఆలోచించింది. "నా చెయ్యి అడిగితే నేను ఇవ్వను" అంది.

డాక్టరమ్మ తలెత్తి, "నీ చెయ్యి నాకెందుకే? నాకు రెండున్నాయిగా. దా, తాత కాలు చూద్దువుగాని" అని ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళారు. తండ్రి వెనకే వెళ్ళాడు. ఒళ్ళో కూర్చోబెట్టుకుని మైక్రోస్కోపులో చూపించారు.

"ఇదా కాలు? చారలు చారలుగా ఉందేంటి? తాతా, నువ్వు పులివా?"

టెక్నీషియను పక్కకి తిరిగి నవ్వాడు. అంతసేపూ అరిచిన తండ్రి కూడా నవ్వేశాడు. ఆ నవ్వులోనే ఒప్పుకున్నాడు. ఆ వారమే ముక్క తీశారు. డాక్టరమ్మ తనే నర్సింగుహోముకి వెళ్ళి, ఆపరేషను గది బయట నిలబడి, సీసా రెండు చేతులతో పట్టుకుని వచ్చారు.

ఆయన అరిచిన రోజే, వాళ్ళు వెళ్ళాక నేను అడిగాను. "మన మందు బాగానే ఉంది కదమ్మా. నా కాలు రంగెక్కింది కదా."

"ఎక్కింది."

"మరి?"

"మీ కాలు ఎవరికీ సాక్ష్యం చెప్పదులే అన్నా."

రెండో ముక్క బాగా రంగెక్కింది. కండ గడ్డే. డెస్మిన్ కాక ఇంకో ప్రోటీన్‌కి కూడా రంగు వేశారు. అది తల్లి కడుపులో బిడ్డకి కండ తయారయ్యేటప్పుడే ఉంటుందట. పెద్దయ్యాక అవసరం లేదు, పోతుంది. నా కండలో అది లేదు. పాప గడ్డలో నిండా ఉంది. ఆమె చాలాసేపు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తలేదు. ఎత్తాక, "కండ కావాలని చూస్తోందన్నా. మొదలుపెడుతుంది. కావడం రాదు. మళ్ళీ మొదలుపెడుతుంది" అన్నారు. ఆ మాట ఎందుకో నన్ను ఇప్పటికీ వదల్లేదు.

వైద్యం మొదలుపెట్టారు. ఇక్కడ కొన్నాళ్ళు, హైదరాబాదులో కొన్నాళ్ళు. మధ్యలో ఒకసారి పాప మా సందులో తండ్రి భుజం మీద కనిపించింది. జుట్టు లేదు. నన్ను చూసి గోళ్ళు చాచి పులిలా చేసింది. నేనూ చేశాను. ఆ తరవాత మిర్చి సీజను వచ్చేసరికి పాప లేదు.

దినాలయ్యాక తండ్రి వచ్చాడు. ఈసారి అరవలేదు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

"మొదటిసారే మీరు సరిగ్గా చూసి ఉంటే మా పాప ఉండేదమ్మా. మళ్ళీ కోయించి అన్ని రోజులు తిన్నారు మీరు. ఈ గుమ్మం నేనింక తొక్కను. మావాళ్ళెవర్నీ తొక్కనివ్వను."

డాక్టరమ్మ రెండు చేతులూ జోడించారు. "నన్ను క్షమించండి" అన్నారు.

ఆ మాట మిర్చి యార్డు చుట్టూ పాకింది. ఫలానా ల్యాబులో ముక్కలు పాడుచేస్తారట, పిల్ల చచ్చిపోయిందట అని. కొందరు డాక్టర్లు మాకు పంపడం మానేశారు. కిటికీ దగ్గర నేను ఊరికే కూర్చున్న రోజులున్నాయి. ఒకరోజు ఉండబట్టలేక అన్నాను.

"చెప్పెయ్యండమ్మా ఆయనకి."

"ఏమని చెప్పను? నువ్వు నీళ్ళు పోశావనా? పిల్ల ముక్కని కూడా మంటలో ఉంచలేకపోయిన మనిషన్నా ఆయన. ఈ మాట తెలిస్తే బతికినన్నాళ్ళూ ఆ సీసానే చూస్తాడు. నన్ను తిట్టుకోనివ్వండి. తిట్టుకుంటే నిద్రన్నా పడుతుంది."

మళ్ళీ ఆమే, "అయినా ఆ రోజుల వల్ల కాదులే. ఆ గడ్డ అలాంటిది. ముందు తెలిసినా వెనక తెలిసినా అంతే" అన్నారు. ఆమె అప్పుడు కిటికీ వైపు చూస్తున్నారు. నిజమా అని నేను అడగలేదు.

అందుకే ఇది చదివేవాళ్ళకి ఒక్క మాట స్పష్టంగా చెప్పాలి. ఆ రోజు మా ల్యాబులో పొరపాటు జరగలేదు. మందు మంచిదే. ఆమె తప్పు లేదు. ఆమె ఉండగా ఈ మాట నన్ను అననివ్వలేదు.

ఆ తరవాత కిటికీ పక్క గోడ మీద పెయింటరు చేత పెద్ద అక్షరాలతో రాయించారు. 'సీసాలో మందు పారబోయకండి. వాసన వచ్చినా, కళ్ళు మండినా అలాగే తీసుకురండి. నీళ్ళు పోస్తే ముక్క చెడిపోయి పరీక్ష తప్పుతుంది.' ప్రతి దసరాకి ఆ అక్షరాల మీద మళ్ళీ రంగు వేయించేవారు.

రెండేళ్ళుగా ఆమెకి ఆయాసం. మెట్లెక్కి మధ్యలో ఆగిపోయేవారు. గుండె కండ బలహీనపడిందట. "కాలు అలిసిపోతే కూర్చుంటాం అన్నా. గుండెని కూర్చోబెట్టడానికి లేదే" అన్నారు ఒకరోజు. పడుకోమని ఇంట్లోవాళ్ళు బతిమాలినా వచ్చేవారు. చివర్లో ఒక్కో స్లైడు చూసి, కుర్చీకి జారగిలబడి, ఊపిరి తీసుకుని, ఇంకోటి పెట్టేవారు. పెదాలు నీలంగా ఉండేవి. నేను చూడలేకపోయేవాణ్ణి.

ఆమె పోవడానికి కొద్ది రోజుల ముందు ఆ తండ్రి మళ్ళీ కనిపించాడు. జుట్టు సగం నెరిసింది. తోటి ముఠా కూలీ భార్యకి ముక్క తీసి, డాక్టరు మా ల్యాబుకే పంపితే, వాళ్ళకి దారి చూపించడానికి వచ్చాడు. వాళ్ళు కిటికీ దగ్గరికి వచ్చారు. ఆయన అన్నమాట ప్రకారం గుమ్మం తొక్కలేదు. ఎదుటి అరుగు దగ్గర నిలబడి, ఊరికే గోడ వైపు చూస్తున్నాడు. చూస్తున్నవాడు చదువుతున్నాడని నాకు అర్థమైంది. ఆ మూడు ముక్కలు చదవడానికి అంతసేపు పట్టదు. వాళ్ళ పని అయిపోయి, "పదన్నా" అని పిలిచినా కదల్లేదు. చివరికి ఎవరితోనూ మాట్లాడకుండా సందు మలుపు తిరిగిపోయాడు. ఆ సంగతి డాక్టరమ్మకి చెప్పాలనుకున్నాను. ఆ రోజు ఆమె ఆయాసం చూసి చెప్పలేదు.

శుక్రవారం ఆమె పోయారు. ఆ మధ్యాహ్నమే నమాజు అయ్యాక తీసుకెళ్ళారు. ఖబరస్థానులో ఒక్కొక్కరూ వంగి పిడికెడు మట్టి తీసి వేస్తున్నారు. నాకు పెట్టుడు కాలుతో వంగడం కష్టం. ఆమె భర్త చూసి, తనే మట్టి తీసి నా దోసిట్లో పోశారు. వేశాను. వెనక్కి తిరిగేసరికి గేటు దగ్గర ఆ తండ్రి ఉన్నాడు. పనిలోంచి తిన్నగా వచ్చినట్టున్నాడు, చొక్కా నిండా ఎర్రటి దుమ్ము. నన్ను పక్కకి పిలిచాడు.

"పెద్దాయనా, ఆ రోజు మీకు చెప్పాను కదా. మందు పారబోసి నీళ్ళు పోశానని."

"చెప్పారు."

"ఆమెకి చెప్పారా?"

"చెప్పాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. సీసా లోపలికి ఇచ్చేటప్పుడే."

"అంటే నేను అన్నేసి మాటలంటుంటే ఆమెకి తెలుసు."

"తెలుసు."

"మీకూ తెలుసు."

తల ఊపాను. ఆయన గోడకి చెయ్యి ఆనించాడు. "ఒక్క మాట అనలేదు మీరిద్దరూ. నా పిల్లని నేనే..."

"కాదు!" అన్నాను. అంత గట్టిగా నేనెప్పుడూ ఎవరితోనూ అనలేదు. ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. "ఆ రోజుల వల్ల కాదన్నారు డాక్టరమ్మ. ఆ గడ్డ అలాంటిదన్నారు. ముందు తెలిసినా అంతేనన్నారు. నాతో అన్నారు."

ఆయన నా ముఖంలోకి చూశాడు.

"అదన్నా నిజమేనా పెద్దాయనా? లేకపోతే అది కూడా మా మందు పనిచెయ్యలేదు అన్నట్టేనా?"

అవును, నిజమే అనేస్తే సరిపోయేది. ఆమె అయితే అనేవారు. ఆ సంగతి తెలిసిన ఒక్క మనిషినీ అప్పుడే మట్టిలో పెట్టాం.

"నాకు తెలియదండీ" అన్నాను.

"రాయండి" అన్నాడు. "మీరు ఎక్కడన్నా రాయగలిగితే రాయండి. ఆమె తప్పు కాదని. నా పేరొద్దు." 

తరవాత నెమ్మదిగా నడిచి సమాధి దగ్గరికి వెళ్ళాడు. అప్పటికి జనం పల్చబడ్డారు. వంగి మట్టి తీసుకున్నాడు. చెయ్యి ముందుకి చాచాడు. పిడికిలి విప్పలేదు. గొయ్యి తవ్వినతను పార పట్టుకుని ఎదురుచూస్తూ, "వెయ్యండన్నా" అన్నాడు. ఈయన వినిపించుకోలేదు. అలాగే నిలబడి, అలాగే వెనక్కి తిరిగాడు. గేటు దాటాడు. రోడ్డు మీద ఆటో ఆపి, ఎడమ చేత్తో కడ్డీ పట్టుకుని ఎక్కాడు. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆటో కదిలి మలుపు తిరిగేదాకా చూశాను. పిడికిలి మూసే ఉంది. వేళ్ళ సందుల్లోంచి నల్లమట్టి మోకాలి మీద కొంచెం కొంచెంగా రాలుతోంది.